యాభై రెండు గళ్ళు

"బుధవారం మీటింగుంది. ఆ సంత పటం మళ్ళీ ఒకసారి శుభ్రంగా గీసిపెట్టు. పాతది మడతల దగ్గర చిరిగిపోయింది," అన్నాడు భర్త, ఊడిన చొక్కా గుండీని ఆమె అరచేతిలో పెడుతూ.

గుండీ కుట్టడం, పటం గీయడం, పొయ్యి మీద పాలు పొంగకుండా చూడటం, మూడూ ఒక మనిషికి ఒకేసారి అయిపోతాయని ఆయన నమ్మకం. నిజానికి అయిపోతాయి కూడా, అదే వచ్చిన చిక్కు. చొక్కా విప్పడానికి తీరిక లేదన్నాడు కాబట్టి ఒంటి మీద ఉండగానే కుడుతోంది. సూది గుచ్చుకుంటుందేమోనని ఆయన ఊపిరి బిగబట్టి, గోడ కేసి చూస్తూ, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు ఇంకో మాట కూడా చెప్పాడు. వచ్చే నెల నుంచి కొట్లకి కొలతలు ఉండవట. అందరికీ ఒకటే అద్దెట. బుధవారం ఖాయం చేసేస్తారట.

సూది ఆగింది. ఒకటే అంటే ఎంతని అడిగింది. ఆయన చెప్పాడు. పాలు పొంగాయి.

"చూసుకోవద్దూ?" అంది లోపలి గదిలోంచి అత్తగారు, చూడకుండానే. పాలు పొంగిన వాసన ఆవిడకి పక్కింట్లోంచి వచ్చినా తెలుస్తుంది.

పొయ్యి తుడుస్తూ ఆమె లెక్క కట్టుకుంది. ఆమె లెక్కలన్నీ జిప్పుల్లోనే ఉంటాయి. వారానికోసారి, బుధవారం నాడు, పాత బస్సుల షెడ్డు వెనక మైదానంలో జరిగే సంతలో ఆమెకో బల్ల ఉంది. మూడడుగుల బల్ల, మడత కుర్చీ, రంగురంగుల గుండీల డబ్బాలు, ఒక పటకారు, జిప్పు జారడానికి రాసే కొవ్వొత్తి ముక్క. బడి సంచులు, ప్రయాణాల బ్యాగులు, చలికోట్లు, ఏది తెచ్చినా జిప్పు బాగుచేసి ఇస్తుంది. అందరూ జిప్పులక్క అంటారు. సంత మొదలైనప్పటి నుంచి అద్దె తాడుతో కొలిచేవారు. మూడడుగులకో ముడి వేసిన పొడుగాటి తాడు. తాడు తాతయ్య అని ఒక ముసలాయన పొద్దున్నే వచ్చి ప్రతి కొట్టు ముందూ దాన్ని సాగదీసి ఎన్ని ముళ్ళో అన్నిటికి డబ్బు తీసుకునేవాడు. ముడికి ఆమె రెండు జిప్పుల కూలి. ఆమె బల్ల సరిగ్గా ఒక్క ముడి. భర్త గిన్నెల కొట్టు ఏడు ముళ్ళు. ఇప్పుడు అందరూ తొమ్మిది జిప్పులు కట్టాలి. అంటే ఆయనకి పద్నాలుగు కాస్తా తొమ్మిదికి దిగుతుంది, ఆమెకి రెండు కాస్తా తొమ్మిదికి ఎక్కుతుంది. బాగా నడిచిన రోజు ఆమె చేసేవే పదిహేను జిప్పులు. వాన పడితే ఎనిమిది. అంటే వాన పడిన బుధవారం ఆమె తిరిగి డబ్బిచ్చి సంతలో కూర్చోవాలి!

"మునుపటిలా కొలత ప్రకారం ఉంటే బాగుంటుంది కదండీ," అంది, గుడ్డ పిండుతూ, వీలైనంత మామూలుగా.

"కొలతంటే గొడవ. తాతయ్యకా మోకాళ్ళు పోయాయి, మూణ్ణెల్లయింది రావడం లేదు. ఆ తాడు పట్టుకుని ఎవడు తిరుగుతాడు? అందరికీ ఒకటే అంటే అంతకన్నా న్యాయం ఏముంటుంది? అయినా పటంలో చూశాంగా. యాభై రెండు కొట్లు, అన్నీ ఒకే సైజు. కమిటీ అధ్యక్షులవారే వేలు పెట్టి చూపించారు." చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి, దయతలచినట్టు చెప్పాడు. "నీకు గిట్టకపోతే ఆ బల్ల తీసెయ్. నా పక్కన కూర్చో. నాకూ ఒక మనిషి దొరికినట్టుంటుంది."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె గుండెల్లో రాయి పడింది. బల్ల తీసెయ్ అన్నందుకు కాదు, ఆ మాట ఎనిమిదేళ్ళుగా ఏదో ఒక రూపంలో వింటూనే ఉంది. పటంలో అన్నీ ఒకే సైజు అన్నాడే, ఆ మాటకి. ఎందుకంటే ఆ పటం గీసింది ఆమే.

ఎనిమిదేళ్ళ కిందట సంత ఈ మైదానంలోకి మారినప్పుడు చోటు ఇచ్చిన ఆఫీసు వాళ్ళు పటం అడిగారు. కమిటీ కార్యదర్శి కాబట్టి ఆ పని ఆయన మీద పడింది, ఆయన మీద పడింది కాబట్టి ఆమె మీద పడింది. కూతురి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి, వంటింటి బల్ల తుడిచి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని గీసింది. మొదటిసారి ఉన్నదున్నట్టే గీసింది. పెద్ద కొట్టుకి పెద్ద గడి, చిన్న బల్లకి సన్నటి గడి. ఆయన చూసి పగలబడి నవ్వాడు. "ఇదేంటి, పళ్ళూడిన దువ్వెనలా ఉంది. అన్నీ ఒకేలా గీయి. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉండాలి." ఆమె మళ్ళీ గీసింది. నాలుగు వరసలు, వరసకి పదమూడు, అన్నీ అగ్గిపెట్టెల్లా ఒకటే. నిజం చెప్పొద్దూ, ఆమెకీ అదే బాగుందనిపించింది. వరస తీరుగా ఉన్న దేన్ని చూసినా ఆమె కళ్ళకి హాయి. కింద 'గీసినవారు' అని రాసి ఆయన పేరు పెట్టింది, గుండ్రటి అక్షరాల్లో. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని "అచ్చు వేసినట్టుంది" అన్నాడు. పెళ్ళైన పదిహేడేళ్ళలో ఆయన నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు అది. ఆ మాటని ఆమె ఎంతకాలం దాచుకుందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది. ఎవరి కొంపా కూల్చదు కదా, కాగితం మీద గీతలే కదా అనుకుంది అప్పట్లో.

ఇప్పుడు ఆ గీతలు చూపించే న్యాయం చెబుతున్నారు. నారు పెద్దమ్మ ఉంది, వంకాయ నారూ మిరప నారూ రెండు తట్టల్లో పెట్టుకుని ఆమె బల్ల పక్కనే కూర్చుంటుంది. తట్టలు రెండూ కలిపినా ముడికి జానెడు తక్కువే. గుడ్లమ్మే ఆవిడ, చీపుళ్ళ అక్కాచెల్లెళ్ళు, చేతి రుమాళ్ళు కుట్టుకొచ్చే పిల్ల, వెనక వరసలో అందరూ ఒక్క ముడి వాళ్ళే. ఆ ఒక్క ముడి వాళ్ళందరూ ఆడవాళ్ళేనని ఆమెకి ఆ రోజు, పొయ్యి తుడుస్తూంటే, మొదటిసారి తట్టింది. ఎనిమిదేళ్ళు పక్కపక్కన కూర్చుని కూడా ఎందుకు తట్టలేదో! వాళ్ళెవరూ తొమ్మిది జిప్పుల డబ్బు కట్టలేరు. ఒక్కొక్కరే మానేస్తారు. ఎవరూ వెళ్ళగొట్టనక్కర్లేదు.

ఆ వారమంతా ఆమెకి కాలు ఒక చోట నిలవలేదు. ఉప్పు రెండుసార్లు వేసింది. తాళం వేసి, వేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చింది. ఆయనతో మళ్ళీ మాట్లాడాలని ప్రతి పూటా అనుకునేది. ఆయన తినేటప్పుడు వద్దు, మాట పడితే ముద్ద దిగదు. వార్తలు చూసేటప్పుడు వద్దు. పడుకునే ముందు వద్దు. మంచి సమయం కోసం వెతకగా వెతకగా ఆమెకి అర్థమైంది, ఈ ఇంట్లో తన మాటకంటూ ఖాళీ సమయం ఉండదని. మాటే కాదు, చోటూ అంతే. బీరువాలో ఆమె బట్టలు పై అరలో సగం, మిగతా సగం కమిటీ ఫైళ్ళు. వంటిల్లు నీదే కదమ్మా అంటుంది అత్తగారు, డబ్బాలు మాత్రం తనకి నచ్చినట్టు సర్దుకుంటుంది. కూతురు హాస్టలుకి వెళ్ళాక ఖాళీ అయిన మంచం మీద ఇప్పుడు అట్టపెట్టెల్లో అమ్ముడుపోని గిన్నెలు ఉన్నాయి. జరుగు, కాస్త జరుగు, అటు జరుగు, రోజుకి ఎన్నిసార్లు వింటుందో. బల్ల దగ్గర మాత్రం ఎవరూ జరగమనరు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి, చిరిగిన బ్యాగు ముందు పెట్టి "అవుతుందా అక్కా?" అని అడిగి, ఆమె ముఖం కేసి చూస్తూ నిలబడతారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా. ఆమె చూసి, వేలితో తడిమి, అవుతుంది అంటే అవుతుంది, కాదంటే కాదు. వారంలో ఆ ఒక్క రోజు ఆమె చెప్పిందే మాట. ఆ మూడడుగులు పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందో ఆమెకి తెలియలేదు. భయమేసింది, చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోయినట్టు.

"మూడడుగుల బల్ల కోసం ఇంత మొహం వేలాడేసుకోవాలా? మా రోజుల్లో..." అంటూ మొదలుపెట్టింది అత్తగారు. మిగతాది ఆమె చెవిన వేసుకోలేదు.

ఇంత మథనపడీ మంగళవారం మధ్యాహ్నం ఏం చేసిందయ్యా అంటే, పటం గీసింది. ఒకే సైజు గళ్ళు, యాభై రెండు. చెయ్యి తనంతట తనే గీసుకుపోయింది, అలవాటైన చెయ్యి కదా. కింద 'గీసినవారు' అని రాసి ఆయన పేరు పెట్టింది. సాయంత్రం ఆయన వచ్చి చూసి "ఆఁ, బాగుంది" అని, చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఆమె సంచిలోనే పెట్టాడు. తన చేతిలో అయితే నలిగిపోతుందట. ఈసారి అచ్చు వేసినట్టుంది అనలేదు. అననందుకు బాధ కలగలేదు గానీ, అనలేదని గమనించిన తన మీద తనకే చిరాకేసింది.

బుధవారం ఐదున్నరకి, వ్యాను రాకముందు, దండెం మీది బట్టలు తీస్తోంది. దండెం అంటే తాడు తాతయ్య తాడే. ఆయన మానేశాక ఫైళ్ళతో పాటు కార్యదర్శి గారింటికి చేరింది. గట్టి తాడు, ఊరికే పడుండటమెందుకని అత్తగారు పెరట్లో రెండు మేకులకి కట్టించింది. ముడి దగ్గర బట్ట జారదు, అదొక సుఖం అంటుంది కూడా. మూణ్ణెల్లుగా ఆమె ఆ ముళ్ళ మీద ఇంటిల్లిపాదీ బట్టలు ఆరేస్తోంది, తీస్తోంది. ఆ పొద్దున చివరి తువ్వాలు తీశాక తాడు ఖాళీగా ఊగింది. ఆమె దాని కేసి కాసేపు చూసింది. తర్వాత మేకుల నుంచి విప్పి, చుట్ట చుట్టి, గుండీల డబ్బాల మీద సంచిలో పెట్టుకుంది.

"ఏయ్, బట్టలెక్కడ ఆరేస్తారు?" అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

"కుర్చీల మీద ఆరేయండత్తయ్యా."

కోడలు పని చెప్పడం అలవాటు లేని ఆవిడ గుడ్లప్పగించి చూసింది. ఆమె వెనక్కి చూడకుండా వ్యానెక్కింది. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది, ఏదో దొంగతనం చేసి పారిపోతున్నట్టు.

సంతలో ఆమె రోజు ఆయన కొట్టుతోనే మొదలవుతుంది. ఆయన తొమ్మిదింటికి స్నానం చేసి, పేపరు చదివి, ఇస్త్రీ చొక్కాతో వస్తాడు. ఆలోపు వ్యానులోంచి గిన్నెలు దింపి, గడ్డి దులిపి, తుడిచి, చిన్నవి ముందూ పెద్దవి వెనకా పేర్చి, బేసిన్లు పక్కలకి సర్ది పెట్టేది ఆమే. అది అయ్యాకే తన బల్ల తెరుస్తుంది. దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు, ఇవ్వాలని ఆమెకీ అనిపించలేదు ఇన్నాళ్ళూ. ఆ రోజు గిన్నెలు మామూలు కన్నా తొందరగా సర్దేసి, తాడు తీసుకుని వెనక వరసలోకి నడిచింది.

నారు పెద్దమ్మ తట్టలు దింపుకుంటోంది. ఆమె చేతిలో తాడు చూసి, మళ్ళీ కొలతలు పెట్టారా అని ఆశగా అడిగింది. లేదని చెప్పాల్సి వచ్చింది. ఇవాళే ఆఖరు రోజనుకున్నానంది పెద్దమ్మ, వచ్చే నెల నుంచి ఇల్లిల్లూ తిరిగి అమ్ముకుంటానంది, అరవై ఎనిమిదేళ్ళ కాళ్ళకేసి చూసుకుంటూ. ఆ మాటతో ఆమెకి దాచుకోవడం చేతకాలేదు.

"ఆ పటం గీసింది నేనే పెద్దమ్మా. అన్నీ ఒకే సైజు గళ్ళు పెట్టింది నేనే."

"నువ్వా? కింద మీ ఆయన పేరుంది కదే."

"పేరు ఆయనది."

పెద్దమ్మ తిడుతుందేమోనని, ఏడుస్తుందేమోనని ఆమె తల దించుకుంది. పెద్దమ్మ రెండూ చెయ్యలేదు. చేతుల మట్టి చీర కొంగుకి తుడుచుకుని తాడు కొస అందుకుంది. "చెయ్యి నీదే కదా, నువ్వే దిద్దు మరి. ఎటు నుంచి మొదలుపెడదాం?"

కొట్లు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. ఒక కొస పెద్దమ్మ, ఒక కొస ఆమె. ఎందుకు కొలుస్తున్నారని అడిగినవాళ్ళకి పటం కోసమని చెప్పింది, అబద్ధం కాదు. కార్యదర్శి గారి భార్య కాబట్టి కార్యదర్శి గారే పంపి ఉంటారని అందరూ అనుకున్నారు, ఆమె కాదనలేదు. మధ్యలో గుడ్లావిడ వచ్చి ముళ్ళు లెక్కపెట్టడంలో చెయ్యి కలిపింది. అధ్యక్షులవారి పరదాల కొట్టు తాతయ్య అద్దె పుస్తకం ప్రకారం పది ముళ్ళు, తాడు మీద పదమూడు. గుడ్లావిడ నోరు నొక్కుకుంది. ఎనిమిదిన్నరకి ఇంకొక్కటే మిగిలింది, గిన్నెల కొట్టు. ఆమె తాడు కొస మొదటి బేసిను అంచున పెట్టి నడిచింది. ఏడు దాటింది. ఎనిమిది. తొమ్మిదో ముడి చివరి బేసిను దగ్గర ఆమె వేళ్ళలోకి వచ్చింది. మళ్ళీ కొలిచింది. తొమ్మిదే. ఆ బేసిన్లు కొంచెం బయటికి జరుపు, ఆ స్టాండు కొంచెం అటు పెట్టు అని ఆయన అన్నప్పుడల్లా జరిపిందీ పెట్టిందీ తన చేతులే. ఇందాక సర్దిందీ తనే. తాడు రాని ఈ మూణ్ణెల్లలో ఆయన చోటు అలా అలా పెరిగిపోతుంటే తనే దగ్గరుండి పెంచింది. పెద్దమ్మ అవతలి కొస పట్టుకుని ఆమె ముఖమే చూస్తోంది.

తొమ్మిదింటికి ఆయన వచ్చాడు. గిన్నెలు చూసుకుని, బాగున్నాయన్నట్టు తలూపి, గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి పటం విప్పింది. ఉన్నది ఒక్కటే కాగితం. తిరగేసింది. వెనక వైపు తెల్లగా ఉంది.

మూడడుగుల బల్ల మీద ఆ కాగితం పరిస్తే గుండీల డబ్బాలకి చోటు లేదు, అవి కింద పెట్టుకుంది. ముడికి ఒక సెంటీమీటరు. పెన్సిలుతో గీస్తూ, మధ్యలో ఎవరైనా వస్తే కాగితం మీదికి గుడ్డ లాగి జిప్పు బాగుచేసి, మళ్ళీ గీస్తూ. తలెత్తినప్పుడల్లా ఆయన ఇటే చూస్తున్నాడేమో అనిపించేది. చూడటం లేదు. ఆయన ఇటు చూసే అలవాటే లేదు. పదకొండైంది, పన్నెండైంది. గళ్ళు సన్నగా, లావుగా, ఎగుడుదిగుడుగా వచ్చాయి, అచ్చం పళ్ళూడిన దువ్వెనలాగే. గిన్నెల కొట్టు గడి దగ్గర పెన్సిలు ఆగింది. ఏడు గీసింది. పుస్తకంలో ఉన్నది అదే కదా అని మనసుకి చెప్పుకుంది. నలుగురిలో మొగుణ్ణి పట్టిచ్చిన ఆడది అంటారు. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుంది? ఆయన కొట్టే మనిషి కాదు, అరిచే మనిషి కూడా కాదు. మాట్లాడటం మానేస్తాడు. వారాలు, నెలలు. తిన్న కంచం ముందుకి తోసి లేచిపోతాడు.

అప్పుడొచ్చాడొక పెద్దాయన, పాత సూట్‌కేసు మోసుకుంటూ. రేపే ప్రయాణం, ఏదోలా పడేలా చెయ్యమ్మా అన్నాడు. ఆమె జిప్పు తడిమింది. రన్నర్ నొక్కితే ఇప్పటికి పడుతుంది, డబ్బులిచ్చి సంతోషంగా వెళ్ళిపోతాడు. దారిలో ఊడుతుంది.

"పళ్ళు మూడు పోయాయండీ. ఇప్పుడు పడ్డా నిలవదు. మొత్తం మార్చాల్సిందే."

పెద్దాయన మార్చమన్నాడు. ఆమె మార్చింది, అరగంట పట్టింది. మార్చినంత సేపూ ఒకటే ఆలోచన. ముక్కూ ముఖం తెలియని మనిషికి ఒక జిప్పు గురించి అబద్ధం చెప్పలేని తను... పెద్దాయన వెళ్ళాక రబ్బరు తీసుకుని ఏడుని చెరిపేసి తొమ్మిది గీసింది. దాని మీద పెన్ను తిప్పింది. తన బల్ల గడి చివర్న గీసింది, ఒక్క సెంటీమీటరు. ఎంత చిన్నదో చూసి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

నాలుగింటికి పరదాల కొట్టు ముందు కుర్చీలు వేశారు. కొట్లింకా ఎత్తలేదు. కమిటీ వాళ్ళు ఏడుగురూ కూర్చున్నారు, ఏడుగురూ మగవాళ్ళే. మిగతావాళ్ళు చుట్టూ నిలబడ్డారు, ఆడవాళ్ళు వెనగ్గా. ప్రతి మీటింగుకీ టీలు తెచ్చేది ఆమె. ఆయన ఆమె కేసి చూసి, టీ ఏదీ అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. ఆమె చేతిలో టీ లేదు. అందరి మధ్యలోంచీ నడిచి వెళ్ళి, పరదాలు వేలాడదీసే కడ్డీకి రెండు బట్టల క్లిప్పులతో పటం తగిలించింది.

అధ్యక్షులవారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "వెనక్కి తిప్పి పెట్టినట్టున్నావమ్మా."

"లేదండీ. ఇదే ముందు."

ఒకరొకరే దగ్గరికి జరిగి తమ గడి కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు. చీపుళ్ళ అక్కాచెల్లెళ్ళు తమ సన్నటి గడి కనిపెట్టి వేలు పెట్టారు. గడిలో ఒకటి అని ఉంది. వాళ్ళ వేలు అక్కణ్ణించి కదులుతూ కదులుతూ పరదాల కొట్టు గడి మీదికి వెళ్ళి ఆగింది. పదమూడు. వెనక ఎవరో సన్నగా ఈల వేశారు. అధ్యక్షులవారి ముఖం ఎర్రబడింది. ఆయన కార్యదర్శి కేసి తిరిగారు. "ఏంటయ్యా ఇది? ఎవరు గీశారు?"

భర్త అప్పటికే తన గడి చూసుకున్నాడు. తొమ్మిది. లేచి నిలబడి చేతులు రెండూ గట్టిగా ఊపాడు. "నేను కాదండీ. నాకేం తెలీదు. మా ఆవిడ గీసింది."

ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన ఆ మాట అన్నాడు, అదీ నలుగురి ముందు. ఆమెకి అంత భయంలోనూ లోపల ఏదో కుదురుకున్నట్టయింది. అవునండీ, నేనే గీశాను అంది.

అధ్యక్షులవారు లేచి పటం విసురుగా తిప్పారు. వెనక నుంచి యాభై రెండు గళ్ళు బయటికి వచ్చాయి, ముచ్చటగా, ఒకటే తీరుగా. కింద భర్త పేరు. "మరి ఇది? ఇది మీ ఆయన గీసింది కదా. దీని మీదే కదా మనమందరం నిర్ణయానికి వచ్చింది."

భర్త ఆమె కేసి చూశాడు. పదిహేడేళ్ళ కాపురంలో ఆయన చూపు అంతసేపు తన మీద నిలవడం ఆమెకి గుర్తు లేదు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది, బెదిరింపూ ఉంది. రాబోయే నెలల మౌనమంతా ఉంది. ఆమె పెద్దమ్మ కోసం వెతికింది. పెద్దమ్మ జనం వెనక, ఖాళీ తట్టలు బోర్లించి వాటి మీద కూర్చుని, ఏం వినపడకపోయినా ఇటే చూస్తోంది.

"అదీ నేనే గీశానండీ," అంది. "పేరు ఆయనది పెట్టాను. చూడ్డానికి బాగుంటుందని అన్నీ ఒకేలా గీశాను. తాడు పట్టలేదు, కొలవలేదు. అది తప్పు పటం. ఇవాళ పొద్దున కొలిచి గీసింది దాని వెనక వైపుది."

"నువ్వు కొలిచింది మాత్రం సరైనదని నమ్మకమేంటి?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె పొద్దుటి నుంచీ భయపడుతూనే ఉంది. వచ్చాక మాత్రం భయం కనబడలేదు. సంచిలోంచి తాడు తీసింది. సబ్బు వాసన వేసింది. చుట్ట విప్పుకుంటూ, అందరూ చూస్తుండగా, మైదానం దాటి గిన్నెల కొట్టు దగ్గరికి నడిచి మొదటి బేసిను ముందు కూర్చుంది. జనమంతా వెనకే వచ్చారు, ఆయనా వచ్చాడు. ఆమె తాడు ఒక కొస అంచుకి పెట్టి వేలితో నొక్కి పట్టుకుంది. తలెత్తి, తాడు రెండో కొస భర్త చేతికి అందించింది.

"అటు చివరికి వెళ్ళి గట్టిగా పట్టుకోండి. ఈసారి లెక్క మీరే చెప్పండి."